విమానం కింద మూడేళ్ళు

విమానాల చదువు చదివానని చెప్పగానే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న "అయితే పైలటువన్నమాట!" అని. కాదంటే, రెండో ప్రశ్న "మరి విమానాలు తయారుచేస్తావా?" అని. అదీ కాదు, తయారైన విమానాలు ఎగరడానికి తగిన స్థితిలో ఉండేటట్టు చూస్తామని వివరిస్తే, మా పెద్ద మేనమామ చాలాసేపు ఆలోచించి, "అంటే మెకానిక్కువే గదరా! దానికి మూడేళ్ళ చదువెందుకు?" అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు, నిజమైన సందేహమే ఉంది. ఆ సందేహానికి అప్పట్లో నా దగ్గర సరైన సమాధానం లేదు. చదువు ముగిసి చాలా ఏళ్ళయింది కనుక, ఇప్పుడు కొంత చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ చదువు గురించి రెండు ముక్కలు. దీన్ని ఏఎమ్ఈ అంటారు. ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ అన్నదానికి పొడి అక్షరాలు. మామూలు ఇంజనీరింగుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. అక్కడ విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టాతో చదువు పూర్తయినట్టే. ఇక్కడ విద్యాసంస్థ ఇచ్చేది కోర్సు ముగించాడన్న ధ్రువపత్రం మాత్రమే. అసలైనది లైసెన్సు. దాన్ని ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. పరీక్షలు వాళ్ళవే, అనుభవం లెక్క చూసేదీ వాళ్ళే. మేం చదివిన రోజుల్లో ఆ పరీక్షలను పేపర్లనేవారు. తరువాత వచ్చిన సీఏఆర్-66 విధానంలో మాడ్యూళ్ళంటున్నారు. ఒక్కో మాడ్యూలులో నూటికి 75 రావాలి. 74 వస్తే తప్పినట్టే. 35 మార్కులతో గట్టెక్కడానికి అలవాటుపడ్డ ప్రాణాలకు ఇది అన్యాయంగా తోస్తుంది. మాకు వర్కుషాపు నేర్పిన మాస్టారు మాత్రం, "నాలుగు నట్లలో మూడు బిగించినవాణ్ణి పాస్ చెయ్యడమే ఎక్కువ బాబూ" అనేవారు.

ఈ చదువులో చేరడానికి నాకున్న ప్రేరణ విమానం కాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఆయిలింజన్లు బాగుచేసే ఒక మేస్త్రీ ఉండేవాడు. పొలం గట్టున నిలబడి ఇంజను చప్పుడు వినేవాడు. పొగ గొట్టం ముందు అరచెయ్యి పెట్టి, ఆ చేతిని వాసన చూసి, "వాల్వు కూర్చోవట్లేదు" అనేవాడు. విప్పితే అదే అయ్యేది. నట్టు ఎంత బిగించాలో ఆయన మణికట్టుకు తెలుసు. కొలత పరికరమంటూ ఆయన సంచిలో ఒక్కటి కూడా ఉండేది కాదు. వేసవి సెలవుల్లో ఆయన వెనక సంచి మోస్తూ తిరిగాను. గొప్ప మెకానిక్కంటే అలా ఉండాలని, విమానాల దగ్గర అంతకంటే గొప్పవాళ్ళుంటారని, వాళ్ళు దూరం నుంచి విని జెట్ ఇంజను జబ్బు చెప్పేస్తారని నా ఊహ.

2003లో హైదరాబాదు శివార్లలోని ఒక సంస్థలో చేరాను. విమానం చూపిస్తారనుకుంటే చేతికి ఆకురాయి ఇచ్చారు. రెండు ఇనప ముక్కలను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు అరగదీయాలి. ఇమిడిన తరువాత కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనబడకూడదు. వారాల తరబడి అదే పని. అరచేతులు బొబ్బలెక్కాయి. విమానం ఊసే లేదు. మాస్టారు వైమానికదళంలో పనిచేసి విరమించినవారు, శ్రీకాకుళం వైపు మనిషి. ఎండిపోయిన ఒళ్ళు, ఇస్త్రీ చెడని చొక్కా. ముక్కను వెలుతురుకు పట్టి చూసి, మాట్లాడకుండా తిరిగి మా చేతిలో పెట్టేవారు. అదే ఆయన మూల్యాంకనం.

ఆ తరువాత లాక్‌వైరు. విమానంలో చాలా బోల్టులను బిగించి వదిలేయరు. కంపనానికి వదులు కాకుండా, బోల్టు తలలోని రంధ్రం గుండా సన్నని ఉక్కు తీగ దూర్చి, మెలివేసి, పక్క బోల్టుకు కడతారు. మేం వాడిన తీగ మందం అంగుళంలో వెయ్యింట 32 వంతులు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు పడాలి. తక్కువైతే తీగ వదులు, ఎక్కువైతే తీగకే అలసట. అన్నిటికంటే ముఖ్యం, తీగ లాగే దిశ. బోల్టు వదులవబోతే తీగ దాన్ని తిరిగి బిగించే వైపుకు లాగాలి. తిరగేసి కట్టిన తీగ చూడడానికి ఎంత అందంగా ఉన్నా శత్రువుతో సమానం. మాస్టారు కటింగు ప్లయరుతో వచ్చి బల్ల మీది తీగలన్నిటినీ కత్తిరించేవారు. తప్పు కట్టినవాటిని మాత్రమే కాదు, సరిగ్గా కట్టినవాటిని కూడా. "సరిగ్గా ఉంది కదా సార్?" అని ఒకడు వాపోతే, "ఉంది. అందుకే మళ్ళీ కట్టు, ఇంకోసారి సరిగ్గా వస్తుందేమో చూద్దాం" అన్నారు.

రివెట్లకు ఇంకా లెక్కలెక్కువ. రివెట్టు వ్యాసం మందమైన రేకుకు మూడింతలుండాలి. కొట్టకముందు కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు బయటకు రావాలి. రేకు అంచుకు కనీసం రెండు వ్యాసాల దూరం ఉండాలి. ఇవన్నీ బట్టీ పట్టి ఒప్పజెప్పేవాళ్ళం, ఎక్కాల్లాగా. ఈ ఎక్కాల వెనక ఏముందో ఒకరోజు ఆయనే చెప్పారు. జపాను ఎయిర్‌లైన్స్ వారి 747 ఒకటి 1978లో ఒసాకాలో దిగేటప్పుడు తోక నేలకు రాసుకుంది. వెనక భాగంలో క్యాబిను గాలిపీడనాన్ని ఆపే గుమ్మటంలాంటి గోడకు మరమ్మతు చేశారు. రెండు వరుసల రివెట్లు బరువు మొయ్యవలసిన చోట, అతుకు పలకను రెండు ముక్కలుగా వెయ్యడం వల్ల, ఒక్క వరుస మీదే భారమంతా పడింది. పైకి అంతా సవ్యంగానే కనిపించింది. విమానం ఏడేళ్ళు ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలింది. 520 మంది పోయారు, నలుగురు మిగిలారు. ఆయన కథ చెప్పడం ముగించి, ఏమీ జోడించకుండా, మళ్ళీ రివెట్లు పంచారు. ఆ రోజు అంచు దూరం కొలవడానికి స్కేలు తీయనివాడు మాలో ఎవడూ లేడు.

టార్కు రెంచి సంగతి కూడా చెప్పాలి. నట్టును ఇంత బలంతోనే బిగించాలని పుస్తకం చెబుతుంది. ఆ బలం చేరగానే టక్కుమనే పనిముట్టు అది. దాని మీద చిన్న చీటీ ఉంటుంది, ఎప్పటిలోగా మళ్ళీ సరిచూడాలో తేదీ వేసి. తేదీ దాటితే ఆ రెంచి ఎంత ఖరీదైనదైనా ఇనప కడ్డీయే. చేతిలోంచి జారి కింద పడితే, తేదీ ఇంకా ఉన్నా సరే, తిరిగి సరిచూసేదాకా వాడకూడదు. మా ఊరి మేస్త్రీ మణికట్టు మీద తేదీ చీటీ లేదు. నాకు మొదటిసారి ఏదో ఇబ్బందిగా అనిపించింది అక్కడే. నేను ఆరాధించిన నైపుణ్యానికి ఇక్కడ చోటు లేదా?

మా సంస్థ ఆవరణలో ఒక పాత పుష్పక్ ఉండేది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు చేసిన రెండు సీట్ల చిన్న విమానం. మొదటిది 1958లో ఎగిరింది. ఎన్నో ఫ్లయింగు క్లబ్బుల్లో ఎందరో పైలట్లు దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు. రేకు కాదు, పైన కప్పింది గుడ్డ. డోప్ అనే ద్రవాన్ని పూతలు పూతలుగా పూస్తే గుడ్డ బిగుసుకుని, వేలితో తడితే డప్పులా మోగుతుంది. ఆ డోప్ వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు కాలేజీ రోజులే గుర్తొస్తాయి. ముక్కున ఉన్నది 90 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజను. మేం దాని చుట్టూ, కొత్త పెళ్ళికూతురి చుట్టూ పేరంటాళ్ళలాగా, తిరిగేవాళ్ళం.

దాని ప్రొపెల్లరును ఉత్తినే ముట్టుకోవడం మాత్రం నిషిద్ధం. కారణం మాగ్నెటో. ఇలాంటి ఇంజన్లలో నిప్పురవ్వకు బ్యాటరీ అక్కరలేదు. ఇంజను తిరిగితే మాగ్నెటో తనంతట తానే విద్యుత్తు పుట్టించుకుంటుంది. కాక్‌పిట్‌లో స్విచ్చు ఆపడమంటే ఆ విద్యుత్తును ఒక తీగ ద్వారా ఇంజను లోహానికి మళ్ళించడమే. ఆ తీగ తెగిపోయి ఉంటే, స్విచ్చు ఆపినట్టు కనిపిస్తుంది గాని మాగ్నెటో మెలకువగానే ఉంటుంది. అప్పుడు ఎవరైనా ప్రొపెల్లరును సరదాగా తిప్పితే ఇంజను ఒక్క ఊపు ఊపవచ్చు. చెయ్యి పోవడానికి ఆ ఊపు చాలు. "స్విచ్చు ఆఫ్‌లో ఉంది" అన్న వాక్యాన్ని మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "స్విచ్చు ఆఫ్ అని కనిపిస్తోంది" అనమనేవారు. అప్పట్లో అది వ్యాకరణ చాదస్తంలా ఉండేది.

ఆ చాదస్తానికి అర్థం మానవ ప్రమేయాల పాఠంలో తెలిసింది. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటారు దాన్ని. యంత్రం గురించి కాదు, యంత్రం ముందు నిలబడ్డ మనిషి గురించి చదువు. అలసట, తొందర, మొహమాటం, పై అధికారి ఒత్తిడి, "ఎప్పుడూ చేసేదేగా" అన్న ధీమా, ఇలాంటివి పన్నెండు ఏరి కెనడాలో గోర్డన్ డుపాంట్ 1993లో ఒక పట్టిక చేశాడు. వాటిని డర్టీ డజన్ అంటారు. పరీక్షకు అది తేలిక విషయం. పట్టిక రాస్తే మార్కులు పడతాయి. కాని ఆ పాఠంలో చెప్పిన ఒక ఉదంతం నన్ను వదలలేదు.

1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బీఏసీ 1-11 విమానంలో, పదిహేడు వేల అడుగుల ఎత్తు దాటాక, కెప్టెను ముందున్న అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ను సగందాకా బయటికి లాగేసింది. సిబ్బంది కాళ్ళు పట్టుకుని ఆపారు. కో-పైలటు సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెను బతికాడు. ఆ అద్దాన్ని మార్చి 27 గంటలే అయింది. బిగించిన 90 బోల్టుల్లో 84 బోల్టులు ఉండవలసినదానికంటే సన్నవి. తేడా అంగుళంలో వెయ్యింట 26 వంతులు, మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగతా ఆరూ పొట్టివి. బిగించినది అనుభవం లేని కుర్రవాడు కాదు. ఆ రాత్రి పాళీకి బాధ్యుడైన మేనేజరే, పనిమంతుడని పేరున్నవాడు. మనుషులు తక్కువగా ఉన్నారని తానే పూనుకున్నాడు. పాత బోల్టును చేత్తో పట్టుకుని, చాలని వెలుతురులో, దానికి సరిపోలేవాటిని కంటితో ఏరుకున్నాడు. పుస్తకంలో చూస్తే ఒక్క నిమిషంలో సరైన నంబరు దొరికేది. స్టోరులో ఉన్న మనిషి సరైన కొలత ఏదో చెప్పాడు కూడా. ఆయన తన కన్నును నమ్మాడు.

ఆ రాత్రి హాస్టల్లో నాకు మా ఊరి మేస్త్రీ జ్ఞాపకం వచ్చాడు. కంటి అంచనా తప్పినా పొలం దగ్గర ఇంజను ఆగిపోతుంది, అంతే. మర్నాడు మళ్ళీ విప్పుకోవచ్చు. ఆ మేస్త్రీ గొప్పవాడే. ఆ గొప్పతనం పైన పదిహేడు వేల అడుగుల దగ్గర ఎందుకు ప్రమాదమో అప్పుడు అర్థమైంది. ఈ వృత్తి చేతగానివాణ్ణి చూసి అంతగా భయపడదు. వాడు పుస్తకం తెరుస్తాడు, పక్కవాణ్ణి అడుగుతాడు. ఇది భయపడేది చేతనైనవాణ్ణి చూసి. ఎందుకంటే జ్ఞాపకం మీద పని చెయ్యగలిగేది వాడొక్కడే. మూడేళ్ళ చదువులో సగం పని నేర్పడానికైతే, మిగతా సగం ఆ పని వచ్చునన్న ధీమాను అణచడానికి.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. ఈ విలువలన్నీ బోధించే చోట అవే అమలవుతాయని అనుకోవడానికి లేదు. ప్రతి విద్యార్థికీ ప్రాక్టికల్ రికార్డు పుస్తకం ఒకటుంటుంది. ఏ తేదీన ఏ పని చేశాడో రాసి, నేర్పినవారి సంతకం చేయించుకోవాలి. తనిఖీ దగ్గరపడ్డ రోజుల్లో మా సంస్థ కార్యాలయం నుంచి ఒక నమూనా పుస్తకం వచ్చింది, చూసి ఎక్కించుకోమని. దాని ప్రకారం మేం ఇంజను సిలిండర్లు విప్పి, పిస్టను రింగులు కొలిచి, తిరిగి బిగించాం. నిజానికి ఆ రోజుదాకా మాలో ఎవరమూ సిలిండరును విప్పి ఉండలేదు. మాస్టారు తరగతిలోకి వచ్చి ఆ నమూనాను బల్ల మీద పెట్టి, "ఇందులో ఉన్న ఇంజను ఎక్కడుందో చూపించండి బాబూ, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను" అన్నారు. ఎవరూ కదల్లేదు.

ఆయన అంతటితో ఊరుకుంటే కోపిష్టి మాస్టారుగా మిగిలిపోయేవారు. ఆ నెల నాలుగు ఆదివారాలూ సొంత పనిముట్లు పట్టుకుని వచ్చారు. మూలపడేసిన పాత ఇంజనొకటి మా షెడ్డులో ఉండేది. దాన్ని విప్పించారు. జట్టుకు ఒక సిలిండరు. రింగుల సందు ఫీలరు గేజితో కొలిపించారు. విప్పిన ప్రతి నట్టుకూ చీటీ కట్టించారు. నాలుగో ఆదివారం సాయంత్రం ఇంజను తిరిగి ఒక్కటయ్యాక, రికార్డులు తెమ్మని ఒక్కొక్కటిగా సంతకాలు పెట్టారు. చూసి నేర్చుకున్నవాడి పుస్తకంలో "చూశాడు" అని, చేసినవాడి పుస్తకంలో "చేశాడు" అని. ఆ రెండు మాటల మధ్య దూరం మాకు చూపించడానికి ఆయనకు నాలుగు ఆదివారాలు పట్టింది. మరుసటి సంవత్సరం ఆయన్ను సంస్థ కొనసాగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, మేం అడిగినా.

మూడో ఏట ఆరు నెలలు నిజమైన విమానాల దగ్గర శిక్షణ. హైదరాబాదు విమానాశ్రయం అప్పటికింకా బేగంపేటలోనే ఉంది. శంషాబాదుకు మారింది 2008 మార్చి 23న. రాత్రి పూట ఆగే విమానాలకు రోజువారీ తనిఖీలు జరిగేవి. పగలు జనం చూసే విమానం వేరు, రాత్రి మూడింటికి దీపాల కింద నిలిచిన విమానం వేరు. బ్రేకులు ఎంత అరిగాయో చెప్పే చిన్న పిన్ను పొడవు చూడడం, టైర్లలో నైట్రోజను పీడనం చూడడం, ఇంజను నూనె మట్టం చూడడం. ఆ నూనెను కూడా ఎప్పుడు పడితే అప్పుడు చూడకూడదు. ఇంజను ఆగాక నిర్ణీత వ్యవధి లోపల చూడకపోతే నూనె మరో చోటికి జారి, మట్టం తక్కువగా చూపిస్తుంది. మాలాంటి శిక్షణార్థుల పని ముఖ్యంగా దీపం పట్టుకోవడం, పనిముట్లు అందించడం, నేల తుడవడం. అదీ చదువే.

పనిముట్ల పెట్టెలో మెత్తని స్పాంజి పరిచి, ఒక్కో పనిముట్టు ఆకారంలో ఒక్కో గుంట కోసి ఉంటుంది. పని ముగిశాక పెట్టె తెరిస్తే, ఖాళీగా ఉన్న గుంట కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలని ఆ ఏర్పాటు. ఒక రాత్రి ఎయిర్‌బస్ 320 ఇంజనులో ఇగ్నైటరు ప్లగ్గు మార్చారు. కౌలింగు తలుపులు మూసేశారు. వేకువన మొదటి సర్వీసు అదే. పెట్టె సర్దుతున్నది మా బ్యాచి కుర్రవాడు, నెల్లూరు వైపువాడు, తరగతిలో నోరు మెదపనివాడు. ఒక గుంట ఖాళీగా ఉంది. వేలెడంత ఎక్స్‌టెన్షను కడ్డీ లేదు.

పక్కనున్న టెక్నీషియను, "స్టోరులోనే ఉండిపోయి ఉంటుందిలే తమ్ముడూ, పొద్దున చూద్దాం" అన్నాడు. చెడ్డవాడు కాదు, పన్నెండు గంటలుగా నిలబడి ఉన్నాడు. వీడు పెట్టె మూయలేదు. అలాగని వాదించనూ లేదు. తెరిచిన పెట్టెను అలాగే చేతుల్లో మోసుకుంటూ షిఫ్టు ఇంజనీరు గదికి వెళ్ళి, ఆయన బల్ల మీద పెట్టాడు. ఆయన ఖాళీ గుంటను చూశారు. వీణ్ణి మెచ్చుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. ఫోనెత్తి విమానం ఇంకా విడుదల కాలేదని చెప్పారు. ఆ వాక్యం ఎంత ఖరీదైనదో ఆ గదిలో అందరికీ తెలుసు. సిబ్బంది, ప్రయాణికులు, ఆ తరువాతి ఊళ్ళలో ఆ విమానం కోసం కాచుకుని ఉండేవారు, అందరి గడియారాలూ ఆ మాటతో కదిలాయి. రెండు నిమిషాల్లో పై నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "ఎవరు చెప్పారు లేదని?" అని అవతలి గొంతు గద్దించడం మాకూ వినిపించింది. ఆయన వీడి వైపు చూడనైనా చూడకుండా, "నేను చెబుతున్నాను సార్" అన్నారు.

మూసిన తలుపులు మళ్ళీ తెరిచారు. ఆ తలుపుల గొళ్ళేలు ఇంజను అడుగున ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోసారి నేల మీద పడుకుని చూడాలి. దాదాపు గంట వెతికారు. కింది అంచున, రెండు తలుపులు కలిసే ఒంపులో, నూనె మరక పక్కన దొరికింది. కడ్డీని గుంటలో పెట్టగానే ఆ పెట్టె మూత చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. విమానం ఆలస్యంగా బయలుదేరింది. ప్రయాణికులకు సాంకేతిక కారణమని చెప్పారు. కొందరు కౌంటరు దగ్గర గట్టిగానే కేకలేశారని తరువాత తెలిసింది.

గొళ్ళేల మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2013 మే 24న లండను హీత్రూ నుంచి లేచిన ఎయిర్‌బస్ 319 ఒకదానికి రెండు ఇంజన్ల తలుపులూ ఊడిపోయాయి. రాత్రి పనివాళ్ళు నూనె పరికరం తేవడానికి గొళ్ళేలు వెయ్యకుండా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు పొరపాటున మరో విమానం దగ్గరికి వెళ్ళారు. అక్కడ తలుపులు మూసే ఉన్నాయి, నూనె మట్టమూ సరిగ్గానే ఉంది. ఎవరో పూర్తిచేసి ఉంటారనుకున్నారు. ఆ నివేదిక చదువుతుంటే నాకు మాస్టారి వ్యాకరణం గుర్తొచ్చింది. "మూసి ఉన్నాయి" కాదు, "మూసి ఉన్నట్టు కనిపిస్తున్నాయి".

ఆ నెల్లూరు కుర్రవాడి గురించి మీరు అడుగుతారని తెలుసు. వాడికి ఈ రంగంలో ఉద్యోగం రాలేదు. పరీక్షలు గట్టెక్కాడు. లైసెన్సుకు కావలసిన అనుభవం కోసం సంస్థల చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. ఇంట్లో అప్పులు ఆగలేదు. ఇప్పుడు నెల్లూరులో ఒక వాహనాల షోరూములో సర్వీసు విభాగం చూస్తున్నాడు. అక్కడ కూడా పనిముట్ల పెట్టెలో స్పాంజి గుంటలు కోయించాడట. మా బ్యాచిలో చాలామంది కథ ఇంచుమించు ఇదే. పరీక్షలు, అనుభవం, ఖాళీలు, ఈ మూడూ ఒకే సమయంలో కలిసి రావాలి. ఇవాళ శంషాబాదులో పెద్ద విమానాల మరమ్మతు కేంద్రాలున్నాయి. 2025 నవంబరులో లీప్ ఇంజన్ల మరమ్మతుకు సాఫ్రాన్ సంస్థ కేంద్రం కూడా మొదలైంది. మా రోజులకంటే అవకాశాలు మెరుగే. అయినా ఎవరైనా పిల్లవాణ్ణి ఈ చదువులో చేర్చే ముందు, రంగురంగుల కరపత్రం కాక వర్కుషాపు చూడండి. రికార్డు పుస్తకంలోని ఇంజను షెడ్డులో ఉందో లేదో చూడండి. ఎదురుగా నిలబడి అడగండి, దీన్ని విద్యార్థులు విప్పుతారా, చూస్తారా అని.

రైటు సోదరుల కోసం 1903లో ఆరు వారాల్లో 12 అశ్వశక్తుల ఇంజను తయారుచేసి ఇచ్చిన చార్లీ టేలర్ పేరు ఎంతమందికి తెలుసు? తెలియకపోవడం ఈ వృత్తికి మొదటి రోజు నుంచీ ఉన్నదే, దాని గురించి ఫిర్యాదు లేదు. పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. ఏమీ జరగనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చివర ఒక సంతకం మాత్రం మిగులుతుంది, ఈ విమానం ఎగరడానికి తగినదని. నేనూ ఆ సంతకాలు పెడుతూనే ఉన్నాను. కలం తీసే ముందు ప్రతిసారీ నన్ను నేను అడుగుకునేది ఒక్కటే, ఇందులో ఎంత చూశాను, ఎంత చూశాననుకుంటున్నాను అని.

కనుక ఎప్పుడైనా మీ విమానం సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమైతే కాస్త ఓపిక పట్టండి. కౌంటరులో కూర్చున్న అమ్మాయి మీద కేకలెయ్యకండి, ఆమెకూ ఏమీ తెలియదు. ఏ మూలనో, నోరు మెదపని కుర్రవాడొకడు ఖాళీ గుంట ఉన్న పెట్టెను చేతుల్లో పట్టుకుని నడిచి వస్తూ ఉండవచ్చు.